నీళ్లకు మెట్లు కట్టించిన కదిరవ్వ

అనగా అనగా, మబ్బులు ఊళ్లను పేరుపెట్టి పిలిచే కాలంలో, ఒక ఊరి పేరు మాత్రం మబ్బులకు ఎప్పుడూ సరిగ్గా గుర్తుండేది కాదు. ఆ ఊరు ఎగువూరు. ఊఁ కొడుతున్నారా? కొట్టండి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ నడిమధ్యలోనే ఇంకిపోతుంది.

ఎగువూరు గుట్టల నడుమ ఉండేది. అక్కడ వాన ఏడాదికి ఒకసారి వచ్చేది. వచ్చిందంటే ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసేది, తలగుడ్డ పిండుకునే లోపల వెళ్లిపోయేది. గుట్టల మీద పడ్డ నీళ్లన్నీ వంకలో చేరి, ఊరి పక్కగా పరుగెత్తి, దిగువకు పోయేవి. ఊళ్లోవాళ్లు గట్టున వరసగా నిలబడి, పక్క వీధిలోంచి పోతున్న పెళ్లి ఊరేగింపును చూసినట్టు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఆ తర్వాత ఏడాదంతా ఎండే.

అందుకని ఆ ఊళ్లో నీళ్లంటే ప్రాణం. మొహం కడిగిన నీళ్లు కాళ్ల మీద పడాలి. కాళ్లు కడిగిన నీళ్లు బీరపాదులో పడాలి. చెంబులో సగం నీళ్లు తాగి సగం పారబోసిన కొత్తల్లుణ్ణి మళ్లీ పండక్కి పిలవలేదని చెప్పుకుంటారు, నిజమో అబద్ధమో నాకు తెలియదు. చిన్నా పెద్దా అందరి నోటా ఒకటే మాట ఉండేది.

"చుక్క పోనియ్యం!"

ఒక్క మనిషి నోట మాత్రం ఆ మాట వచ్చేది కాదు. ఆమె కదిరవ్వ.

కదిరవ్వకు అమ్మ లేదు, నాయన లేడు, అత్తిల్లు లేదు, పుట్టిల్లు లేదు. వెనకెప్పుడో పెద్ద కరువు వచ్చినప్పుడు, ఎక్కడివాళ్లో బళ్లు కట్టుకుని ఆ దారిన వలసపోయారట. బళ్ల వెనక నడుస్తున్న ఒక చిన్నపిల్ల దారి పక్కన కాసేపు కూర్చుని కునుకు తీసింది. కళ్లు తెరిచేసరికి బళ్లు లేవు, దుమ్ము మాత్రం ఉంది. ఎగువూరివాళ్లు ఆ పిల్లకు ఇంత సంగటి పెట్టి ఊళ్లోనే ఉంచుకున్నారు. కదిరి తిరునాళ్ల రోజుల్లో దొరికింది కాబట్టి కదిరమ్మ అన్నారు. కదిరమ్మ పెరిగి కదిరక్క అయింది, ముదిరి కదిరవ్వ అయింది.

ఆమె పని ఒకటే. రాగిసంగటి కెలికి, మజ్జిగ చిలికి, కుండ నెత్తిన పెట్టుకుని, ఎక్కడ పలుగు చప్పుడు వినిపిస్తే అక్కడికి మోసుకుపోయి పెట్టడం. ఆమె మాటా ఒకటే. కుక్క సంగటి ముద్ద ఎత్తుకుపోతే, "పోనీలే నాయనా, దానికీ ఆకలేసుంటాది" అనేది. పిల్లలు ఆడుతూ ఆమె కుండ పగలగొడితే, "పోనీలే నాయనా, అదెంత కాలమని మోస్తాది" అనేది. ఎవడైనా ఊరికే ఆమె మీద అరిస్తే, "పోనీలే నాయనా, పెండ్లాం చేతిలో తిట్లు తిని వచ్చుంటాడు" అనేది. అరిచినవాడు కూడా నవ్వేసేవాడు. చుక్క పోనియ్యని ఊళ్లో ఇలాంటి మనిషి ఎక్కడ దొరికిందిరా అని అందరూ ఆటపట్టించేవాళ్లు.

అన్నిటికీ పోనీలే అనే కదిరవ్వ ఒక్కదానికి మాత్రం అనలేకపోయేది. ఊళ్లో ఎవరైనా బండికి ఎద్దుల్ని కడితే చాలు, ఆమె చేతిలో పని వదిలేసేది. పరుగున వెళ్లి చక్రం పట్టుకుని, "యాడికి నాయనా? మళ్లెప్పుడొస్తావు?" అని అడిగేది. "సంతకు పోతాండా అవ్వా, మాపటికొస్తా" అని వాడు చెప్పేదాకా వదిలేది కాదు. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది, చక్రం మాత్రం పట్టుకునే ఉండేది.

ఇట్లా ఉండగా, ఊరిపెద్ద సిద్దప్పకు ఒక ఆలోచన వచ్చింది. సిద్దప్పది ఊరంత గొంతు, వెన్నంత మనసు. ఎంత గట్టిగా అరిచేవాడో అంత తొందరగా ఏడ్చేవాడు. ఆయన ఊరిని పిలిచి చెప్పాడు.

"ఏంప్పా, ఏటేటా నీళ్లను సాగనంపుతానే ఉంటిమి. ఈసారి వంకకు అడ్డంగా కట్ట ఏస్తాం. చెరువు చేస్తాం. వచ్చిన నీళ్లు వచ్చినట్టే పట్టుకుంటాం."

"చుక్క పోనియ్యం!" అంది ఊరు.

ఎండాకాలమంతా ఊరంతా మన్ను మోసింది. కదిరవ్వ మజ్జిగ మోసింది. తాటిచెట్టులో సగం ఎత్తున కట్ట లేచింది. పొలాలకు నీళ్లు వదలడానికి అడుగున చేయి దూరేంత తూము పెట్టారు. అంతకుమించి కట్టలో ఎక్కడా చీమ దూరే సందు ఉంచలేదు.

వాన వచ్చింది. గుట్టలన్నీ ఒక్కసారే చెరువులోకి దిగాయి. పిల్లలు ఎగిరారు, పెద్దలు పిల్లలకంటే ఎక్కువ ఎగిరారు. సిద్దప్ప కట్ట మీద నిలబడి మీసం తడుముకున్నాడు. నీళ్లు కట్ట నడుముకు వచ్చాయి, మెడకు వచ్చాయి, అంచుకు వచ్చాయి. కట్ట ఒకచోట కాస్త పల్లంగా ఉంది. అక్కడ నీళ్లు అవతలికి తొంగిచూశాయి. చూసి దిగాయి. దిగుతూ పిడికెడు మన్ను తీసుకుపోయాయి. పిడికెడు పోయిన సందులోంచి తట్టెడు పోయింది. తట్టెడు పోయిన సందులోంచి బండెడు పోయింది. ఆ తర్వాత కట్టే పోయింది.

ఆ నీళ్లూ మన్నూ అన్నీ వెళ్లి కింద ఉన్న దిగువూరి చేల మీదా, చెరువులోనూ పడ్డాయి. మర్నాడు పొద్దున్నే దిగువూరివాళ్లు మోకాళ్లదాకా బురదతో, చేతుల్లో కట్టెలతో వచ్చారు. "మీకు చెరువు కావల్లంటే మా చేను ముంచుతారా?" అని ఒకటే కేకలు. ఆ రోజు నుంచి రెండూళ్లకూ మాటల్లేవు.

ఊరు మళ్లీ మన్ను మోయడం మొదలుపెట్టింది. కదిరవ్వ మళ్లీ మజ్జిగ మోయడం మొదలుపెట్టింది. ఒకరోజు సిద్దప్ప దోసిట్లో మజ్జిగ పోస్తూ అంది.

"నాయనా సిద్దప్పా, నిండినంక నీళ్లు యాడికి పోవల్లప్పా? వాకిలి లేని ఇల్లు కడితిమి. లోపల ఇరుకైతే ఎవరైనా గోడ దూకుతారు గదా."

సిద్దప్పకు పొలమారింది. "చుక్క పోనియ్యమని కట్ట కట్టి, మళ్లా దానికి వాకిలి పెట్టమంటావా అవ్వా?"

"పోనీలే నాయనా, నిండినంక పోయేదే గదా."

సిద్దప్ప చాలా సేపు గింజుకున్నాడు. కడకు చేటంత వెడల్పున కట్ట అంచులో ఒక పల్లం విడిచిపెట్టాడు. దానికి అలుగు అని పేరు పెట్టారు. "చాలా అవ్వా?" అని అడిగితే కదిరవ్వ కూడా, "చాల్లే నాయనా, నీళ్లేమన్నా ఏనుగా? పోయేదానికి ఎంత దారి కావల్ల" అంది. ఆమెకు మాత్రం ఏం తెలుసు?

వాన వచ్చింది. నీళ్లు నిండాయి. చెరువులో నీళ్లన్నీ ఆ చేటంత సందు దగ్గరికే తోసుకొచ్చాయి. తిరునాళ్లలో జనమంతా ఒకే సందులోకి తోసుకున్నట్టు, నేను ముందంటే నేను ముందని ఉరికాయి. ఉరికేవాళ్లు పక్కవాళ్లను చూసుకుంటారా? సందుకు అటు గోడనూ ఇటు గోడనూ కోసేశాయి. చేటంత సందు తలుపంత అయింది, తలుపంత సందు బండి దారి అయింది. మళ్లీ కట్ట పోయింది. మళ్లీ దిగువూరికి బురద పోయింది.

ఆ ఏడు ఊళ్లోవాళ్లు కదిరవ్వను ఆటపట్టించలేదు, తిట్టారు. "అవ్వ మాట విని సందు పెడితే ఆ సందులోంచే పాయె" అన్నారు. పోనీలే అనడానికి ఆమెకు నోరు రాలేదు. నిజంగానే తన మాటతోనే పోయిందని కుమిలిపోయింది. కానీ కుమిలిపోతూ కూర్చుంటే సంగటి ఎవరు కెలుకుతారు? మళ్లీ కుండ నెత్తిన పెట్టుకుంది.

ఊళ్లో రాళ్లు కొట్టే ఓబులేసు అని ఒకడుండేవాడు. మీసాలు అప్పుడప్పుడే తిప్పడం నేర్చుకున్నాడు. కదిరవ్వ అంటే వాడికి ప్రాణం. ఒకరోజు ఆమె మజ్జిగకుండ నెర్రె కొట్టిందని సన్నమూతి కూజాలో మజ్జిగ తెచ్చింది. వాడు దోసిలి పట్టాడు. కూజా వంచగానే మజ్జిగ బుస్సుమని దూకి, దోసిలి కొట్టి, మీసాలు తడిపి, కళ్లలో పడింది.

"అవ్వా! తాపుతాండావా, తలంటుతాండావా?" అని వాడు కళ్లు నులుముకున్నాడు. "సన్నమూతిలోంచి పోస్తే దూకుతాది. ఎప్పటి మాదిరి వెడల్పుమూతి చట్టితో పొయ్యి, మెల్లగా జారుతాది."

కదిరవ్వ కూజా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఓబులేసు మీసాల నుంచి మజ్జిగ కారుతూనే ఉంది.

"ఓరి నాయనా! నీళ్లది తప్పు కాదురా. మనమే దాని గొంతు నులిమినాం" అంది.

అట్నుంచి అటే పోయి సిద్దప్ప ముందు నిలబడింది. "నాయనా, సందు సన్నగా ఉంటే నీళ్లకు కోపమొస్తాది. వెడల్పుగా పెట్టు. పలచగా, మెల్లగా పోతాది."

"ఎంత వెడల్పు?"

"ఊళ్లోని బళ్లన్నీ పక్కపక్కన నిలబడేంత."

సిద్దప్ప అక్కడే అరుగు మీద కూలబడి నీళ్లు అడిగాడు. తెచ్చిన నీళ్లలో సగం తాగి, సగం బీరపాదులో పోసి, మూడు రోజులు ఊళ్లోని బళ్లు లెక్కపెడుతూ తిరిగాడు. నాలుగోనాడు, "కానీ, ఏంజేస్తాం" అన్నాడు.

ఈసారి అలుగు వెడల్పుగా పెట్టారు. ఓబులేసు దాని అడుగున బండరాళ్లు పరిచాడు, రెండు పక్కలా బండరాళ్లు నిలిపాడు. వాన వచ్చింది. నీళ్లు అలుగు దగ్గరికి వచ్చి, ఆరేసిన పంచెలాగా పలచగా పరుచుకుని, తోసుకోకుండా, కొట్టుకోకుండా అవతలికి జారాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. కదిరవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

తొందరపడింది పాపం. పైన మెల్లగా జారిన నీళ్లు కింద ఎక్కడ పడతాయో ఎవరూ చూడలేదు. అంత ఎత్తు నుంచి కట్ట మొదట్లో మెత్తని మన్ను మీద పడ్డాయి. పడ్డచోట గుంట తవ్వాయి. ఆ గుంట లోతైంది, లోతైన గుంట వెనక్కి జరిగింది, వెనక్కి జరిగి జరిగి ఓబులేసు రాళ్ల కిందికే వచ్చింది. రాళ్లు ఒకదాని వెనక ఒకటి దొర్లిపోయాయి. ఈసారి కట్ట మొత్తం పోలేదు, సగం పోయింది. అయినా సగం కట్టతో చెరువు నిలవదు.

ఇంక ఊరికి ఓపిక అయిపోయింది. సిద్దప్ప కళ్లు తుడుచుకుని చెప్పాడు. "మూడు మాట్లు కడితిమి. మూడు మాట్లు పాయె. ఈ నేల మనల్ని వద్దంటాండాది. బళ్లు కట్టండప్పా. నీళ్లున్న తావుకు పోదాం."

ఊరంతా మూటలు కట్టింది. ఎద్దుల మెడల మీద కాడి వేసింది. గంపలు, రోళ్లు, కోళ్లు, పసిపిల్లలు బళ్లెక్కారు. కదిరవ్వ బండి నుంచి బండికి పరుగెత్తి చక్రాలు పట్టుకుంది. "యాడికి నాయనా? మళ్లెప్పుడొస్తావు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "మళ్లా రాము అవ్వా. నువ్వూ ఎక్కు" అన్నారు.

కదిరవ్వ ఎక్కలేదు. ఏ బండి ఎక్కాలి? అందరూ ఒకే ఊరికి పోతారా? ఒకడు తూర్పుకు, ఒకడు పడమటికి. ఈ ఊరంతా కలిసి ఉంటేనే ఆమెకు చుట్టాలు. చెదిరిపోతే ఆమె మళ్లీ దారి పక్కన దుమ్ములో నిలబడ్డ పిల్లే.  ఆమె ఆఖరి మజ్జిగకుండ నెత్తికెత్తుకుని కట్ట దగ్గరికి నడిచింది. ఓబులేసు అక్కడ పగిలిన రాళ్ల మధ్య తలపట్టుకుని కూర్చున్నాడు. ఊరు విడిచేలోగా వాడికి చివరిసారి గుక్కెడు మజ్జిగ పోద్దామని ఆమె కోరిక.

మిగిలిన సగం కట్ట ఎక్కి, అవతలి వైపు దిగాలి. అక్కడ మోకాళ్ల నొప్పుల ముసలిదాని కోసమని ఓబులేసు ఎప్పుడో కొన్ని రాళ్లను మెట్లుగా పాతాడు. కదిరవ్వ ఒక మెట్టు దిగింది, ఉస్సూరంది. ఇంకో మెట్టు దిగింది, ఉస్సూరంది. ఇంతలో వెనక నుంచి ఎవరి దూడో పగ్గం తెంపుకుని వచ్చి, ఆమెను దాటుకుని, కట్ట మీద నుంచి ఒక్కసారే కిందికి దూకింది. గిట్టలు మునిగేదాకా మన్నులో దిగబడింది. దూకినచోట పెద్ద గుంట పడింది.

కదిరవ్వ ఆ గుంటను చూసింది. తన కాళ్ల కింది మెట్టును చూసింది. తర్వాత నెత్తి మీది కుండను దించి, ఉన్న మజ్జిగంతా పై మెట్టు మీద కుమ్మరించేసింది.

"అవ్వా! పిచ్చిపట్టిందా?" అని ఓబులేసు లేచాడు.

"మాట్లాడొద్దు. చూడు."

మజ్జిగ మొదటి మెట్టు మీద ఎగిరింది, నురగలు కక్కింది. రెండో మెట్టు మీద గొణిగింది. మూడో మెట్టుకు వచ్చేసరికి దానికీ ఆయాసం వచ్చినట్టుంది, ఉస్సూరుమని పాకింది. కింది మన్ను మీదికి చేరి పసిపిల్లలా పడుకుంది. అక్కడ గోరంత గుంట కూడా పడలేదు.

ఓబులేసు నోరు తెరిచాడు. కదిరవ్వ వాణ్ణి చెయ్యిపట్టి లాక్కుంటూ బళ్ల దగ్గరికి పరుగెత్తింది. మోకాళ్ల నొప్పి ఏమైందో ఆమెకే తెలియదు. మొదటి బండి ముందు నేల మీద కూర్చుంది.

"సిద్దప్పా, ఇంకొక్క మాటు. నీళ్లు నాకంటే ముసలివి నాయనా. వాటిని దూకమంటే ఎట్ల? మెట్లు కట్టిద్దాం. మెల్లగా దిగొస్తాయి."

సిద్దప్ప గొంతు పెంచాడు. "మళ్లా పోతే?"

"పోతే నన్ను తొక్కి బండి తోలుకుపో."

ఎద్దులు ఆమె మొహం మీద వేడిగా ఊపిరి వదిలాయి. ఎవరూ కదల్లేదు. చివరికి వెనక బండిలోంచి ఒక ఆడమనిషి దిగి, "అవ్వను తొక్కి యాడికి పోతాం" అంటూ ఎద్దుల్ని విప్పేసింది. ఒక బండి విప్పితే రెండో బండి విప్పారు. సిద్దప్ప బండి ఆఖరుకు విప్పారు, ఆయనే ఏడుస్తూ విప్పుకున్నాడు.

కానీ మెట్లకు రాళ్లు చాలవు. మంచి బండరాళ్లన్నీ దిగువూరి గుట్ట మీదే ఉన్నాయి. దిగువూరితో మాటల్లేవు. కదిరవ్వ ఒక్కతే పోయింది. దిగువూరివాళ్లు కట్టెలు పట్టుకుని వచ్చారు. ముసలిదాన్ని చూసి ఆ కట్టెలు ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డారు.

"మా బురద మీ చేలలోకి వచ్చినందుకు తిట్టుకోండి నాయనా, తిట్టి అలిసినంక చెప్తా" అంది. వాళ్లు తిట్టారు. అలిశారు. అప్పుడు చెప్పింది. "చెరువు నిలిస్తే, నిండినంక మిగిలిన నీళ్లు వంకలో తేటగా దిగి మీ చెరువుకే వస్తాయి. నిలవకపోతే మళ్లా బురదే. మీకేది కావల్ల?"

 మర్నాడు దిగువూరి బళ్లు రాళ్లతో ఎగువూరికి వచ్చాయి. ముందు ఒకరికొకరు మాట్లాడుకోలేదు, రాళ్లు దించుకుంటూ సైగలే చేసుకున్నారు. కదిరవ్వ సంగటి పెట్టాక సైగలు పోయి మాటలు వచ్చాయి. మజ్జిగ పోశాక మాటలు పోయి పాటలు వచ్చాయి. పోయిన సగం కట్టను రెండూళ్లూ కలిసి మళ్లీ పోశాయి. ఓబులేసు వెడల్పు అలుగు కింద మెట్టు మీద మెట్టు పేర్చాడు, ఒక్కో మెట్టు ఒక్కో అరుగంత. ఆఖరి మెట్టు కింద పెద్ద బండలు పరిచాడు, నీళ్లు కాసేపు నడుం వాల్చడానికి.

వాన వచ్చింది. నడిపొద్దుకు చెరువు నిండింది. రెండు ఊళ్లూ వచ్చి నిలబడ్డాయి, ఎగువూరు కట్ట మీద, దిగువూరు కింద వంక గట్టున. నీళ్లు అలుగు దగ్గరికి వచ్చాయి. బండ అంచును తడిపాయి. ఒక పలచని తెర మొదటి మెట్టు మీదికి జారబోయింది.

అప్పుడు జరిగింది చూడండి, ఎగువూరివాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని పని.

సిద్దప్ప "చుక్క పోనియ్యం!" అని పెద్దగా అరిచి, పరుగెత్తి, అలుగులో అడ్డంగా కూర్చున్నాడు. రెండు చేతులూ చాపి నీళ్లను వెనక్కి నెట్టసాగాడు. ఆయన్ని చూసి ఊరికి కూడా మనసు ఆగలేదు. ఇంత కష్టపడి నింపిన నీళ్లు కళ్లముందే పోతుంటే ఎలా చూస్తారు? ఒకడు తట్టతో మన్ను తెచ్చాడు. ఒకామె కొంగు అడ్డం పెట్టింది. ఊరంతా అలుగులో దిగి కూర్చుంది. వెనక నీళ్లు పెరుగుతున్నాయి. కింద ఓబులేసు, "లేయండప్పా! కట్ట పోతాది!" అని గుండెలు బాదుకుంటున్నాడు. ఎవరికీ వినపడలేదు.

కదిరవ్వ సిద్దప్ప దగ్గరికి నడిచి, నీళ్లలోనే ఆయన పక్కన కూర్చుంది.

"సిద్దప్పా, పోయిన మాఘంలో నీ కూతురు అత్తగారింటికి పోయిందే, కాళ్లు పట్టుకుని ఆపినావా?"

"లేదవ్వా" అన్నాడు సిద్దప్ప ఏడుస్తూ.

"ఏంజేసినావు?"

"ఒడి నింపినా. పోయిరా తల్లీ అని పంపినా."

"మరి ఇదేంది? ఇల్లు నిండినంక పోయే బిడ్డే గదా ఇది కూడా. చెరువు నిండా నీకు ఇచ్చే పోతాంది. పోయేదాన్ని ఏడిపిస్తే మళ్లా వస్తాదా?" అంది. అని, గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "నన్ను తెచ్చినోళ్లు పోయినపుడు ఎవరూ ఎవరికీ పోయిరా అనలేదు నాయనా. ఆ మాట చెప్పుకుంటే వచ్చేవాళ్లేమో. ఈ మాట బతుకంతా నా గొంతులోనే ఉండిపాయె. దీనికన్నా చెప్పనీ."

సిద్దప్ప చేతులు నీళ్లలోంచి తీశాడు. తర్వాత మెల్లగా లేచాడు. ఆయన లేచిన చోటి నుంచి నీళ్లు జారాయి. ఊరు కూడా ఒక్కొక్కరుగా లేచింది. కదిరవ్వ కొంగుముడి విప్పి, అందులో ఉన్న గుప్పెడు కొర్రలూ, పసుపుకొమ్మూ నీళ్లలో వేసింది. నీళ్ల ఒడి నిండింది. రెండు చేతులూ ఊపి, ఇన్నేళ్లూ అందరినీ మజ్జిగకు పిలిచిన గొంతుతో అరిచింది.

"పోయిరా తల్లీ!"

నీళ్లు మొదటి మెట్టు మీద ఎగిరాయి. రెండో మెట్టు మీద గొణిగాయి. మెట్టు మెట్టుకూ అలిసి, ఆఖరి మెట్టు కింద బండల మీద నడుం వాల్చి, తేటగా లేచి వంకలోకి నడిచాయి. కట్ట నిలిచింది.  తర్వాత సిద్దప్ప అందరికంటే పెద్ద గొంతుతో, "పోయిరా తల్లీ!" అన్నాడు. ఇంక ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. ముసలీ ముతకా, చంకలో పిల్లలతో తల్లులూ, అందరూ చేతులు ఊపడమే. కింద దిగువూరివాళ్లు, "వస్తాంది, వస్తాంది!" అంటూ నీళ్లతోబాటు గట్టున పరుగెత్తారు. ఆ సాయంత్రం వాళ్ల చెరువు వైపు నుంచి డప్పులు వినిపించాయి. పొద్దుగూకకముందే ఆ డప్పులు ఎగువూరికే వచ్చాయి, వెనక బెల్లం గంపలూ, గొర్రెపొట్టేళ్లూ, పెళ్లీడు పిల్లలూ. ఓబులేసుకు ఆ గుంపులోనే పెళ్లికూతురు దొరికిందంటారు. వాడు ఆ రోజు మీసాలు తెగ తిప్పుతున్నాడు కాబట్టి నేను నమ్ముతాను.

కదిరవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. చాలా మాట్లు ఆ అలుగు పారింది. పళ్లన్నీ రాలిపోయాక, ఒకనాడు పొద్దున చల్లకవ్వం చేత్తో పట్టుకుని అలాగే గోడకు ఆనుకుని కన్నుమూసింది.

అప్పుడు రెండూళ్లూ మళ్లీ కొట్లాడుకున్నాయి. "మా అవ్వ. పెంచినవాళ్లం మేం. మేమే మోస్తాం" అంది ఎగువూరు. "మా అవ్వ. మాకు నీళ్లు పంపింది. మేమే మోస్తాం" అంది దిగువూరు. ఎవరూ లేని మనిషి కోసం ఊళ్లకు ఊళ్లే తగువులాడాయి. కర్రసాయం లేనిదే నడవలేని సిద్దప్ప, అందరి మధ్యకూ వచ్చి, "అరవొద్దు, అవ్వ పండుకోనుండాది" అన్నాడు. అంటూనే ఏడ్చాడు. ఆ ఏడుపులోనే ఎందుకో నవ్వు వచ్చింది, ఆయన్ని చూసి అందరికీ వచ్చింది. తలవైపు ఎగువూరు పట్టింది, కాళ్లవైపు దిగువూరు పట్టింది. ఆఖరి మెట్టు పక్కన, నీళ్లు నడుం వాల్చే చోట ఆమెను పడుకోబెట్టారు. నడిచినంత దూరమూ ఎవరూ ఒట్టి "పో" అన్న మాట నోట రానివ్వలేదు, "పోయిరా అవ్వా" అనే అన్నారు.

ఇప్పటికీ కదిరవ్వ అలుగు పారిన రోజు రెండూళ్లూ అక్కడ చేరతాయి. నీళ్లకు ఒడి నింపుతారు. నింపేది ఊరిపెద్ద కాదు, ఊరిపెద్ద పెండ్లామూ కాదు. రెండూళ్లలో ఎవరికైతే నా అన్నవాళ్లు లేరో వాళ్ల చేత నింపిస్తారు. ఆ రోజు మొదటి ముద్ద వాళ్లకే పెడతారు. ఆ రోజు నుంచి వాళ్లు ఊరందరికీ చుట్టాలు.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఎగువూరి గడప ఎవరు దిగినా "పోయిరా" అంటారు. కొడుకు సంతకు పోయినా అంటారు, గాజులమ్మేవాడు పోయినా అంటారు. దారి తెలియక ఆగి, తోవ అడిగి, మళ్లీ ఎన్నడూ ఆ ఊరి మొహం చూడబోని బాటసారికి కూడా అంటారు. వాడు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇంతే కథ. నా చెరువులో ఉన్నది నిండింది, మీ ఒడిలో పడాల్సింది పడింది. మీరూ పోయిరండి.